జీతంలో పన్ను కోయొద్దని చెప్పే హక్కు ఉందా?

డాలస్ శివార్ల నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వేయడం లేదు. ఉత్తరంలోని విషయం క్లుప్తంగా ఇదీ:

"మాది హనుమకొండ. మా ఆయన హెచ్-1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తారు. నాది హెచ్-4, అంటే డిపెండెంట్ వీసా, ఉద్యోగం లేదు. ఇక్కడే పుట్టిన మూడేళ్ల పాప ఉంది. ఆయన జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు, నెలకు రెండు పే చెక్కులు. ఊళ్లో ఇల్లు కడుతున్నాం. ప్రతి నెలా పంపాలి, ప్రతి నెలా చాలదు.

"జూన్ మొదటి చెక్కు నుంచి చేతికొచ్చే డబ్బు 750 డాలర్లు పెరిగింది. హైక్ వచ్చిందనుకుని సంబరపడ్డాను. ఆగస్టు చివర్లో పాప ప్రీస్కూల్ కాగితాల కోసం పే స్టబ్ తీస్తే, ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ గడిలో సున్నా ఉంది. అడిగితే తాపీగా చెప్పారు: జీతంలో ఎంత పన్ను కోయాలో కంపెనీకి చెప్పే డబ్ల్యూ-4 ఫారంలో ఎగ్జెంప్ట్, అంటే నాకు పన్ను పడదు, అని రాసి ఇచ్చేశారట.

"ఈ సలహా మా అపార్ట్‌మెంట్లలో ఉండే ఒక అన్నది. మా జిల్లా ఆయనే, సిటిజన్. ఏవో సెమినార్లకు వెళ్లొస్తారు. జీతం చట్టం దృష్టిలో ఇన్‌కమే కాదని, పన్ను కట్టడం వాలంటరీ అని, చట్టంలో ఎంప్లాయీ అంటే గవర్నమెంటు ఉద్యోగులేనని చెప్తారు. మూడేళ్లుగా రిటర్నే వేయలేదట, ఎవరూ అడగలేదట. కంపెనీకి, ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) రాయాల్సిన ఉత్తరాల కట్ట 400 డాలర్లకు మావారికి ఇచ్చారు. మాకు ఏటా ఏప్రిల్‌లో 9 వేల పైనే రీఫండ్ వస్తుంది. 'రీఫండ్ వస్తుందంటే నీకు టాక్స్ లేనట్టే కదా, ఎగ్జెంప్ట్ రాసుకోవచ్చు' అన్నారట.

"మా ఆయన మాట: 'ఏడాదంత నా పైసలు పట్టుకుంటరు, ఏప్రిల్ల ఇస్తరు, మిత్తి ఇయ్యరు. ఓటు లేదు, గ్రీన్‌కార్డ్ ఎప్పుడొస్తదో తెల్వదు, సోషల్ సెక్యూరిటీ పింఛను మనకు అందుతదో లేదో. ఎందుకు కట్టాలె?' నాకు జవాబు దొరకలేదు. నిజంగా కోయొద్దని చెప్పే హక్కు ఉందా? గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 అప్రూవ్ అయింది, రేపు గ్రీన్‌కార్డ్‌కి అడ్డొస్తుందా? ఆయనకు తెలియకుండా హెచ్ఆర్‌కి చెప్పనా? వచ్చే ఏప్రిల్‌లో రిటర్న్ వేయనంటున్నారు, నేనేం చేయాలి?"

*

మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాట: లేదు.

జీతం ఇచ్చే ప్రతి సంస్థా ఆదాయపు పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలని అమెరికా పన్ను చట్టం 3402వ సెక్షన్ చెబుతుంది. కోయకపోతే ఆ పన్నుకు సంస్థే బాధ్యురాలని ఆ వెంటనే 3403 చెబుతుంది. ఇందులో ఉద్యోగి అనుమతి ప్రసక్తే లేదు. మీ ఆయన 400 డాలర్ల ఉత్తరాలన్నీ హెచ్ఆర్ బల్ల మీద పెట్టినా వాళ్లు "సరే, ఆపేస్తాం" అనలేరు. అన్నారంటే వాళ్ల జేబులోంచి కట్టాలి.

డబ్ల్యూ-4 గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. అదేదో అంగీకార పత్రమనీ, దాన్ని వెనక్కి తీసుకుంటే కోత ఆగిపోతుందనీ అనుకుంటారు. అది ఎంత కోయాలో లెక్క వేసుకోవడానికి పేరోల్ వాళ్లకు మనమిచ్చే సమాచారం, అంతే. అసలు ఇవ్వకపోతే పెళ్లికాని మనిషిగా లెక్కగట్టి, ఏ తగ్గింపూ లేకుండా కోసేస్తారు.

మరి ఆ ఫారంలో ఎగ్జెంప్ట్ అనే వెసులుబాటు ఎందుకుంది? నిజంగా పన్ను పడనివాళ్ల కోసం. వేసవి సెలవుల్లో ఐస్‌క్రీమ్ దుకాణంలో పనిచేసే హైస్కూలు పిల్లల్లాంటివాళ్ల కోసం. దానికి షరతులు రెండు, రెండూ ఉండాలి. పోయిన ఏడాది మీ మీద ఫెడరల్ ఆదాయపు పన్ను ఏమీ పడి ఉండకూడదు. ఈ ఏడాదీ పడదని మీరు అనుకుంటూ ఉండాలి.

ఆ అన్నగారి వాదన జారిపోయింది ఇక్కడే. రీఫండ్ రావడం వేరు, పన్ను లేకపోవడం వేరు. కిరాణా కొట్లో రెండు వేలిచ్చి ఎనిమిది వందల సరుకు తీసుకుంటే పన్నెండు వందలు తిరిగి చేతిలో పెడతారు. అంతమాత్రాన సరుకు ఉచితంగా ఇచ్చారని అర్థమా? నిరుడు మీరు వేసిన రిటర్న్, అంటే 1040 ఫారం, బయటికి తీయండి. 24వ వరసలో టోటల్ టాక్స్ ఉంటుంది. కోసిన డబ్బులో ప్రతి డాలరూ తిరిగొచ్చి, ఆ వరస సున్నా అయితేనే మొదటి షరతు తీరినట్టు. మీ ఇంట్లో అది సున్నా కాదు. ఎంత ఉంటుందో ఇప్పుడు చూద్దాం, ఎందుకంటే మీ ఆయన కోపానికి అసలు కారణం ఆ లెక్కలోనే దొరికింది.

2025 రేట్లు తీసుకుందాం. జీతం 1,20,000. దంపతులు కలిసి రిటర్న్ వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 31,500 పోను 88,500 మీద పన్ను. మొదటి 23,850కి 10 శాతం, మిగతాదానికి 12 శాతం, కలిపి 10,143. పాపకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటుంది కాబట్టి చైల్డ్ టాక్స్ క్రెడిట్ 2,200 తీసేయండి. మిగిలేది 7,943 డాలర్లు. ఏడాది మొత్తానికి మీ ఇంటి అసలు ఫెడరల్ పన్ను ఇదే. టెక్సస్‌లో రాష్ట్రం వేసే ఆదాయపు పన్ను ఎలాగూ లేదు.

మరి కంపెనీ కోస్తున్నదెంత? చెక్కుకు 750 చొప్పున ఇరవైనాలుగు చెక్కులకు 18,000. ఈ అంకె చూడగానే నాకు అనుమానం వచ్చి మీ ఉత్తరం మళ్లీ చదివాను. మధ్యలో ఎక్కడో ఒక వాక్యం రాశారు: "ఈయన 2020లో, మా పెళ్లికి ముందు ఈ కంపెనీలో చేరినప్పుడు ఒక డబ్ల్యూ-4 ఇచ్చారట, మళ్లీ ఈ జూన్‌లోనే." అదీ సంగతి. పెళ్లయింది, పాప పుట్టింది, కానీ పేరోల్ దృష్టిలో మీ ఆయన ఇంకా బ్రహ్మచారే. అందుకే ఏటా దాదాపు 10 వేల డాలర్లు ఎక్కువ కోస్తున్నారు, ఏప్రిల్‌లో మిత్తి లేకుండా తిరిగిస్తున్నారు.

అంటే ఆయన ఫిర్యాదు అబద్ధం కాదు. నెలకు 830 డాలర్లు, మన రూపాయల్లో డెబ్బై వేల పైమాటే, న్యాయంగా ఆయన చేతికి రావాల్సినవి రావడం లేదు. హనుమకొండ ఇంటికి పంపాల్సిన డబ్బులో పెద్ద వాటా అది. కోతను నిరాకరించే హక్కు ఎవరికీ లేదు గానీ, కోత సరిగ్గా ఉండాలని అడిగే హక్కు ప్రతి ఉద్యోగికీ ఉంది. దానికి కొత్త డబ్ల్యూ-4లో మొదటి అంచెలో దంపతులు కలిసి వేసే గడి టిక్ చేసి, మూడో అంచెలో పాప తాలూకు 2,200 రాస్తే చాలు. సెమినార్ అక్కర్లేదు, 400 డాలర్లూ అక్కర్లేదు. ఇంకా తగ్గించాలంటే 401కె అనే రిటైర్మెంట్ పొదుపులో వేసుకోవచ్చు. 2025కి దాని పరిమితి 23,500. కానీ ఇల్లు కడుతున్నవాళ్లకు ఆ సలహా ఇప్పుడు రుచించదు, అందుకని వదిలేస్తున్నాను.

ఇక సోషల్ సెక్యూరిటీ బాధ. ఇందులోనూ ఆయన్ని తప్పుపట్టలేను. ఇండియాకూ అమెరికాకూ మధ్య ఈ విషయంలో టోటలైజేషన్ ఒప్పందం, అంటే రెండు దేశాల్లో కట్టిన ఏళ్లను కలిపి లెక్కించే ఒప్పందం, లేదు. పదేళ్ల పాటు, అంటే 40 క్రెడిట్లు వచ్చేదాకా కట్టకుండా తిరిగి వెళ్లిపోతే ఆ డబ్బు పోయినట్టే. చాలామంది మనవాళ్ల కడుపుమంట ఇదే. కానీ తమాషా చూడండి. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్‌కి 1.45 శాతం, రెండూ కలిపి ఫైకా అంటారు, వీటికి డబ్ల్యూ-4తో సంబంధమే లేదు. ఎగ్జెంప్ట్ అని రాసినా అవి ఆగవు. అదే పే స్టబ్‌లో కింద చూడండి, చెక్కుకు 310 డాలర్లు, 72.50 డాలర్లు, ఆ చుట్టుపక్కల రెండు కోతలు యథాతథంగా ఉంటాయి. ఏ కోత మీద కోపమో అది అలాగే ఉంది. ఆయన ఆపింది వేరే కోతని.

ఇప్పుడు ఆ అన్నగారి మిగతా వాదనలు. జీతం ఇన్‌కమ్ కాదు, పన్ను వాలంటరీ, ఎంప్లాయీ అంటే ప్రభుత్వోద్యోగి — ఇవి పాత సరుకు. చట్టంలో ఎంప్లాయీ అనే మాటలో ప్రభుత్వోద్యోగులు కూడా 'చేరతారు' అని ఉంటే, వాళ్లు మాత్రమేనని చదువుకుంటారు. కోర్టులు వీటిని ఎన్నిసార్లు కొట్టేశాయంటే, ఇప్పుడు ఇలాంటి వాదనతో రిటర్న్ వేసినందుకే 5,000 డాలర్ల జరిమానా ఉంది.

జీతంలో కోత 1943 జులైలో యుద్ధ ఖర్చుల కోసం మొదలైన మాట నిజం. అంతకుముందు ఉద్యోగులు ఆ ఏడాది పన్నును మరుసటి ఏడాది వాయిదాల్లో కట్టేవాళ్లు. యుద్ధం ముగిసింది, కోత మిగిలింది. దాన్ని ఎదిరించినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో చిత్తశుద్ధి ఉన్నవాళ్లూ ఉన్నారు. యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ క్వేకర్ల సేవాసంస్థ ఒకటుంది, అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ. వియత్నాం యుద్ధకాలంలో అందులోని ఇద్దరు ఉద్యోగులు, మా పన్నులో సైన్యానికి పోయే వాటా కోయొద్దు, అది కట్టబోమని బహిరంగంగా చెప్పడం మా మతధర్మం, కోసేస్తే ఆ అవకాశమే మాకు లేకుండా పోతుంది అన్నారు. కింది కోర్టు ఒప్పుకుంది. 1974లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రాణం తీయడం పాపమని నమ్మినవాళ్లకే దొరకని మినహాయింపు సెమినార్ కిట్‌కి దొరుకుతుందా?

మీ ఆయనకు ఇంకా దగ్గరి కథ జాన్ చీక్ అనే విమాన పైలట్‌ది. ఇలాంటి సెమినార్లకే వెళ్లాడు. 1980 నుంచి రిటర్నులు మానేశాడు. డబ్ల్యూ-4లో ముందు మినహాయింపుల సంఖ్యను అరవై దాకా పెంచి, తర్వాత ఎగ్జెంప్ట్ అని రాశాడు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1991లో కోర్టు చెప్పింది రెండు ముక్కలు. చట్టాన్ని నిజాయితీగా తప్పు అర్థం చేసుకున్నవాడు, ఆ అర్థం ఎంత అసంబద్ధమైనా, 'తెలిసి' నేరం చేసినట్టు కాదు. కానీ చట్టం తెలిసీ అది రాజ్యాంగ విరుద్ధమని నమ్మడం రక్షణ కాదు. కేసు తిరిగి విచారణకు వెళ్లింది, చీక్ దోషిగా తేలాడు, జైలు శిక్ష పడింది. సెమినార్లలో ఈ తీర్పు మొదటి సగమే చెబుతారు.

మీ ఆయన ఇప్పటిదాకా రీఫండ్ లెక్కను నిజంగానే పొరపాటుగా అర్థం చేసుకుని ఉండొచ్చు. ఈ సమాధానం చదివిన తర్వాత ఆ మాట చెప్పుకోలేరు. ఆయన చేత చదివించే ముందు ఇది ఆలోచించుకోండి. నా మటుకు చదివించమనే అంటాను.

దొరికితే ఏమవుతుంది? ఆధారం లేకుండా తప్పు డబ్ల్యూ-4 ఇచ్చి కోత తగ్గించుకుంటే 500 డాలర్ల సివిల్ జరిమానా. ఆ ఏడాది పన్ను మొత్తం ముందే కట్టేసి ఉంటే మాఫీ చేసే వీలూ చట్టంలో ఉంది. కావాలని అబద్ధం రాస్తే నేరం: 1,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు, లేదా రెండూ. ఒక ఫారం మీద జైలుకు పంపడం అరుదు, మిమ్మల్ని భయపెట్టదలచుకోలేదు. మామూలుగా జరిగేది ఇది: జనవరిలో కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2లో మొదటి గడిలో జీతం, రెండో గడిలో కోసిన పన్ను ఉంటాయి. ఆ రెంటికీ పొంతన లేకపోతే ఐఆర్ఎస్ కంపెనీకి లాక్-ఇన్ లెటర్ పంపుతుంది. ఈ మనిషికి ఇంత చొప్పున కోయండి, మా అనుమతి లేకుండా తగ్గించొద్దు అని. మీ ఆయనకూ తెలియజేస్తారు, అభ్యంతరం చెప్పుకోవడానికి గడువిస్తారు. ఆ లెటర్ తేదీకి 60 రోజుల తర్వాత కంపెనీ వాళ్లు చెప్పినట్టు కోయక తప్పదు. అప్పుడు మళ్లీ అదే సింగిల్ లెక్క పడితే, ఇవాళ ఒక కాగితంతో వచ్చే 830 డాలర్ల కోసం అప్పుడు ఐఆర్ఎస్‌ని బతిమాలుకోవాలి.

మూడేళ్లుగా ఎవరూ అడగలేదన్న మాట విని మోసపోకండి. రిటర్న్ వేస్తే పన్ను లెక్క తేల్చడానికి ఐఆర్ఎస్‌కి మామూలుగా మూడేళ్ల గడువు మొదలవుతుంది. వేయకపోతే ఆ గడువు మొదలే కాదు. ఇరవై ఏళ్ల తర్వాతైనా అడగొచ్చు. ఆలోగా నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా రిటర్న్ వేయని జరిమానా, దాని మీద వడ్డీ. ఒక్కోసారి ఐఆర్ఎస్ తానే రిటర్న్ తయారుచేస్తుంది, క్రెడిట్లు గిడిట్లు ఏమీ ఇవ్వకుండా.

గ్రీన్‌కార్డ్ మాట. ఆ అన్నగారు సిటిజన్. ఆయన ఓడిపోతే డబ్బు పోతుంది, మహా అయితే కొన్నాళ్ల స్వేచ్ఛ పోతుంది. దేశం పోదు. మీకు పోవచ్చు. 2012లో సుప్రీంకోర్టు కవాషిమా అనే జపాన్ దంపతుల కేసులో, ప్రభుత్వానికి 10,000 డాలర్లకు మించి నష్టం కలిగించే తప్పుడు రిటర్న్ నేరం గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లనైనా దేశం నుంచి పంపేయదగ్గ నేరమని తీర్పిచ్చింది. అందులో భార్య మీద పడింది భర్తకు తప్పుడు రిటర్న్‌లో సాయపడిన నేరం. మీ పరిస్థితి దాని దరిదాపుల్లో లేదు, ఇంకా రిటర్నే వేయలేదు. కానీ దారి అటు వెళ్తుంది. అంతదూరం పోకపోయినా, రేపు సిటిజన్‌షిప్ ఫారంలో బాకీ పన్నులున్నాయా అని సూటిగా అడుగుతారు. వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ కాన్సులేట్‌కి వెళ్లినప్పుడు డబ్ల్యూ-2, రిటర్నులు చూపించమన్నా ఆశ్చర్యం లేదు. ఇన్నేళ్లు క్యూలో నిలబడి, ఒక గడిలో రాసిన ఒక మాట వల్ల ప్రశ్నలు ఎదుర్కోవడం ఎంత అన్యాయం మీకు మీరు చేసుకోవడం!

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఇక్కడ మీకో మంచి వార్త ఉంది. జనవరి నుంచి మే దాకా పది చెక్కుల్లో 7,500 డాలర్లు ఇప్పటికే కోసేశారు. ఏడాది పన్ను 7,943. ఎక్కువ కోయడం వల్లనే మీకు ఈ ఏడాది దాదాపు మొత్తం కట్టేసినట్టయింది.

కాబట్టి ఆయన ఈ వారమే సరైన డబ్ల్యూ-4 ఇస్తే ఏప్రిల్‌లో బాకీ ఉండకపోగా రెండు వేల డాలర్లకు అటూఇటుగా తిరిగొస్తుంది. తప్పుడు ఫారం మూడు నెలలకే సరిదిద్దిన పొరపాటుగా మిగులుతుంది. మినహాయింపుకు అర్హత లేదని తెలిస్తే పది రోజుల్లో కొత్తది ఇవ్వాలన్నది నియమం కూడా. కారణాలు, క్షమాపణలు రాయక్కర్లేదు. చాలా కంపెనీల్లో పేరోల్ పోర్టల్‌లోనే మార్చుకోవచ్చు.

ఆయన మొండికేసి డిసెంబరు దాకా అలాగే ఉంచితే? డబ్బు పరంగా ఈ ఏడాదికి పెద్ద దెబ్బ తగలదు. ఏప్రిల్‌లో 443 డాలర్లు కట్టాలి, బాకీ 1,000 డాలర్ల లోపే కాబట్టి తక్కువ కట్టిన జరిమానా పడదు. కానీ అబద్ధపు ప్రకటన ఫైల్‌లో అలాగే ఉంటుంది. పైగా ఎగ్జెంప్ట్ ఫారం మరుసటి ఏడాది ఫిబ్రవరి 15కి చెల్లిపోతుంది. అప్పుడు కోత మళ్లీ పాత సింగిల్ లెక్కకే వస్తుంది, మళ్లీ అదే కోపం, మళ్లీ అదే ఫారం. రెండోసారి రాస్తే పొరపాటన్న మాట ఎవరూ నమ్మరు. అప్పుడు ఏడాది మొదటి నుంచీ కోత లేకపోతే ఏప్రిల్‌లో దాదాపు 8 వేలు ఒక్కసారిగా కట్టాలి, ఆలస్యానికి రెండు మూడు వందలు అదనం. ఆ డబ్బు అప్పటికి హనుమకొండలో స్లాబ్ అయిపోయి ఉంటుంది.

ఆయనతో సంబంధం లేకుండా మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో డైరెక్ట్ పే ద్వారా మీ ఉమ్మడి ఖాతా నుంచి ఎస్టిమేటెడ్ టాక్స్ కింద 500 డాలర్లు కట్టేయొచ్చు. సెప్టెంబరు 15 ఒక గడువు, జనవరి 15 ఇంకో గడువు. దాంతో ఏడాది పన్ను తీరిపోతుంది, గొడవ ఫారం దగ్గరే ఆగుతుంది. అయితే దాచి చేయకండి. కట్టానని చెప్పే చేయండి.

హెచ్ఆర్‌కి రహస్యంగా చెప్పడం వద్దంటాను. నైతికంగా తప్పని కాదు, దానివల్ల పని జరగదని. డబ్ల్యూ-4 మీద సంతకం ఉద్యోగిది, భార్య ఫోన్ చేసిందని పేరోల్ వాళ్లు దాన్ని మార్చరు. ఇది తప్పని ఉద్యోగే చెబితే మాత్రం ఆ ఫారంని పక్కన పెట్టాలి. మీరు చెబితే జరిగేది ఒకటే: ఆయన పేరు పక్కన ఒక అనుమానం మిగులుతుంది. హెచ్-1బీ మనిషికి ఆ అనుమానం ఎంత ఖరీదో మీకు తెలుసు.

మీ చేతిలో ఉన్న అసలు బలం ఏప్రిల్ సంతకం. ఉమ్మడి రిటర్న్ మీద ఇద్దరూ సంతకం పెడితే అందులోని ప్రతి డాలరుకూ ఇద్దరూ పూర్తిగా బాధ్యులు, జీతం మీది కాకపోయినా. తెలియక సంతకం పెట్టిన జీవిత భాగస్వామికి ఇన్నోసెంట్ స్పౌజ్ అనే రక్షణ ఉంది గానీ, మీకు తెలుసు, నాకు ఉత్తరం కూడా రాశారు. కాబట్టి సరైన రిటర్న్ అయితే సంతోషంగా సంతకం పెట్టండి, కిట్‌లోని వాదనలతో వేసే రిటర్న్ అయితే పెట్టకండి. మీ సంతకం లేకుండా ఆయన విడిగా వేసుకుంటే పన్ను 7,943 కాదు, 15,600 దాటుతుంది. ఆ తేడా, 7,700 డాలర్లు, మీ ఒక్క సంతకం విలువ. ఇది బెదిరింపులా కాకుండా కాగితం మీద లెక్క వేసి చూపించండి. ఇంజనీర్లు ప్రసంగాలకు లొంగరు, స్ప్రెడ్‌షీట్‌కి లొంగుతారు.

ఆ మాట ఎత్తేటప్పుడు "నువ్వు తప్పు చేశావు" దగ్గర మొదలుపెట్టకండి. "నువ్వు చెప్పింది నిజమే, మన డబ్బు పట్టుకుంటున్నరు, నెలకు 830" దగ్గర మొదలుపెట్టండి. ఆయన కోరిక డబ్బు ముందే చేతికి రావాలని. అది చట్టబద్ధంగా తీరుతుందని తెలిశాక ఎగ్జెంప్ట్ మాట మీద పట్టుదల ఎంత మిగులుతుందో చూడండి. నా అంచనా, పెద్దగా మిగలదు. మిగిలితే అది డబ్బు గురించి కాదు, గ్రీన్‌కార్డ్ క్యూ గురించి. అది వేరే దుఃఖం, దాన్ని వేరేగా కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇంకో హెచ్చరిక. కోత పోవాలంటే 1099 మీద, అంటే ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టర్‌గా, మారిపో అనే సలహా కూడా త్వరలో మీ గుమ్మం తొక్కుతుంది. హెచ్-1బీ మీద అలా స్వతంత్రంగా పనిచేయడం వీసానే ప్రమాదంలో పెడుతుంది, పైగా సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 15.3 శాతం సొంతంగా కట్టాలి. వద్దు.

ఆ అన్నగారిని ఏం చేయాలని మీరు అడగలేదు, కానీ ఉత్తరం నిండా ఆయనే ఉన్నారు. ఆయన మీద ఫిర్యాదు చేయాల్సిన బాధ్యత మీకు లేదు. కలిసినప్పుడు ఒక్క మాట చెప్పగలిగితే చెప్పండి: మూడేళ్ల రిటర్నులు వేయాలనుకుంటే ముందు సీపీఏ (అకౌంటెంట్) దగ్గరికి కాదు, టాక్స్ లాయర్ దగ్గరికి వెళ్లమని. క్రిమినల్ కేసు వస్తే లాయర్‌తో మాట్లాడిన మాటలకు ఉండే రక్షణ సీపీఏతో మాట్లాడిన వాటికి ఉండదు. మీరు గ్రీన్‌కార్డ్ దరఖాస్తు వేసే ముందు మాత్రం ఈ మూడు నెలల సంగతి మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి దాచకుండా చెప్పండి.

కొత్త డబ్ల్యూ-4 ఇచ్చాక మరుసటి చెక్కులోనే మార్పు కనిపించకపోతే కంగారుపడకండి. అమలు చేయడానికి కంపెనీకి సుమారు 30 రోజుల గడువుంటుంది. ఆ తర్వాత ఫెడరల్ గడిలో 330 నుంచి 350 డాలర్ల మధ్య అంకె కనిపించాలి. 750 కనిపిస్తే దంపతుల గడి టిక్ పడలేదని, 420కి పైన కనిపిస్తే పాప క్రెడిట్ రాయడం మర్చిపోయారని అర్థం. సున్నాయే ఉంటే, ఫారం ఇచ్చానని ఆయన మీతో అన్నారు గానీ ఇంకా ఇవ్వలేదు.